మీకు తెలుసా? బొమ్మను తిరగేస్తే గుట్టు బయటపడుతుంది!

చిలుకూరు అనగానే వీసా బాలాజీ గుర్తొచ్చాడా? ఆగండి, ఆగండి! అది హైదరాబాద్ పక్క చిలుకూరు. మనది సూర్యాపేట జిల్లా చిలుకూరు. 1941లో ఆంధ్రమహాసభ జరిగిన చిలుకూరు! ఈసారి మన అరుగు మీద కూర్చుని జపాన్ పింగాణీ బొమ్మల గుట్టు విప్పుదాం. దగ్గరికి జరగండి. చెవి ఇటు పడేయండి!

ముందు మన దారి

బొమ్మలంటే జపానేనా? మన జిల్లాకు మాత్రం తక్కువేంటి! 2024లో ఫణిగిరిలో తవ్వితే ఓ కుండ దొరికింది. దాని నిండా 3,730 సీసపు నాణేలు! నాణెం మీద ఏనుగు బొమ్మ. అదే తవ్వకంలో ఇంకోటి కూడా బయటపడింది. ఏంటో ఊహించండి. ఆటబండి చక్రం! పిల్లలు లాక్కుంటూ తిరిగే చిట్టి బండి చక్రమండీ!

కోదాడలో బస్సెక్కి నేరుగా తూర్పుకు పోతే ఎక్కడ తేలతాం? బందరులో! అదే 65వ నంబరు జాతీయ రహదారి. ఒక కొన పుణెలో, ఇంకో కొన మచిలీపట్నం సముద్రం ఒడ్డున. ఆ ఒడ్డు నుంచే మన బట్ట జపాన్ దాకా పోయిందంటే నమ్ముతారా?

జపాన్ పింగాణీని యూరప్‌కు మోసింది ముఖ్యంగా డచ్చి ఓడలే. వాళ్లు జపాన్‌లో దుకాణం తెరిచింది 1609లో. మరి మన బందరులో అడుగుపెట్టింది ఎప్పుడు? అంతకు 4 ఏళ్ల ముందే! జపాన్‌లో దుకాణం కన్నా మన రేవులో అడుగే ముందు!

జపాన్ వాళ్లు డచ్చివాళ్లను ఎక్కడ ఉంచారో తెలుసా? నాగసాకి దగ్గర ఓ చిట్టి దీవిలో. పేరు దెజిమా. పొడవు 120 మీటర్లు, వెడల్పు 75 మీటర్లు. మన లెక్కలో రెండెకరాల పైచిలుకు! మన ఊళ్లో ఒక మోస్తరు రైతు పొలమంత! యూరప్ మొత్తానికీ జపాన్ గుమ్మం అదొక్కటే. అదీ రెండు వందల ఏళ్లకు పైగా!

అద్దకం గుడ్డను జపాన్‌లో ఏమంటారు? 'సరాసా' అంటారు. మన కలంకారీ తీరం నుంచి, దేశంలోని ఇతర చోట్ల నుంచి వెళ్లిన అద్దకాలను వాళ్లు ప్రాణంగా దాచుకున్నారు. చారెడు ముక్కనైనా పారేయలేదు! హికోనె అనే చోటి ప్రభువుల ఇంట్లో పోగేసిన ముక్కలు 450. ఇప్పుడవి టోక్యో జాతీయ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి!

1659లో డచ్చివాళ్లు జపాన్ కుమ్మరులకు ఒక ఆర్డరిచ్చారు. ఎన్ని పాత్రలకో చెప్పుకోండి చూద్దాం. 50 వేలకు పైగా! ఒక్క ఆర్డరే! సారె తిప్పి తిప్పి కుమ్మరుల చేతులు ఎంత పడిపోయి ఉంటాయో!

మట్టి చేసే మాయ

ఇంగ్లీషులో పింగాణీని పోర్సిలిన్ అంటారు కదా. ఆ మాటకు మూలం ఏంటో తెలుసా? గవ్వ! అవును, పిల్లలు ఆడుకునే గవ్వే! గవ్వలా తెల్లగా, నున్నగా మెరుస్తుందని ఆ పేరు. 1298 ప్రాంతంలో జైల్లో కూర్చుని తన యాత్రలు చెప్పుకున్న మార్కో పోలో గవ్వకూ పింగాణీకీ ఒకే మాట వాడాడు. ఆయన రుద్రమదేవి రాజ్యంలోని మోటుపల్లి రేవు గురించీ చెప్పాడండోయ్!

జపాన్ పింగాణీకి పురుడు పోసిన ఊరు అరిటా. 1616లో అక్కడ తెల్లమట్టి రాయి దొరికిందని చెబుతారు. కనిపెట్టింది జపాన్ వాడు కాదు! కొరియా నుంచి తీసుకొచ్చిన కుమ్మరి. పేరు యి సామ్ ప్యోంగ్. అరిటా వాళ్లు ఈనాటికీ ఆయనకు దణ్ణం పెడతారు!

ఆ రాయి దొరికిన చోటు ఇజుమియామా కొండ. ఇప్పుడు వెళ్లి చూస్తే కొండ కనిపించదు. గొయ్యి కనిపిస్తుంది! 400 ఏళ్లలో కొండంతా కప్పులైంది, కంచాలైంది, బొమ్మలైంది. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనం నవ్వుతాం. వాళ్లు కొండను తవ్వి రాణీలను పట్టారు!

'ఇమారి' పింగాణీ అంటే ప్రపంచమంతా పేరు. కానీ ఆ పాత సరుకు ఇమారిలో చేసిందే కాదు! చేసింది అరిటాలో. ఓడకెక్కించింది ఇమారి రేవులో. రెండూళ్లకూ మధ్య సుమారు 12 కిలోమీటర్లు. కష్టం ఒక ఊరిది, పేరు ఇంకో ఊరిది!

మన కుండ కాలాలంటే వెయ్యి డిగ్రీల లోపు వేడి చాలు. పింగాణీకి? దాదాపు 1,300 డిగ్రీలు! అంత వేడికి మట్టి సగం గాజులా మారిపోతుంది. అందుకే వేలితో కొడితే ఖంగుమంటుంది. కుండ మొద్దుగా మోగుతుంది, పింగాణీ గంటలా పలుకుతుంది!

పాత బొమ్మల మొహం మెరవదు. మనిషి చర్మంలా మెత్తగా కనిపిస్తుంది. ఎందుకు? మెరుగు పూయని పింగాణీ అది. దాన్ని బిస్క్ అంటారు. ఆ పేరు ఎక్కడిదో చెబితే నవ్వుతారు. మన టీలో ముంచుకునే బిస్కెట్టే! బిస్కెట్టంటే అసలు అర్థం 2 సార్లు కాల్చినది. ఇంక ఎప్పుడు టీ తాగినా ఈ బొమ్మలే గుర్తొస్తాయి మీకు!

తెలుపులో కూడా రకాలుంటాయి. కాకియెమోన్ అనే కుమ్మరి ఇంటివాళ్ల తెలుపు అన్నింట్లో మేటి. దాన్ని జపాన్‌లో 'నిగోషిదె' అంటారు. దేని రంగు అనుకున్నారు? బియ్యం కడిగిన నీళ్ల రంగు! మనం పశువుల కుడితిలో పోసేస్తామే, అదే రంగు. ఆ తెలుపు చేసే కిటుకు మధ్యలో పోయింది. తండ్రీకొడుకులు పట్టుబట్టి 1953లో మళ్లీ సాధించారు!

కాకి అంటే మనకు పిట్ట. జపాన్‌లో పండు! ఎర్రగా పండే ఆ కాకి పండు రంగును పింగాణీ మీద తెప్పించాడని తొలి కుమ్మరికి కాకియెమోన్ అనే పేరొచ్చిందని చెబుతారు. ఇంటికి పెద్దయినవాడు ఇప్పటికీ ఆ పేరే పెట్టుకుంటాడు. ఇప్పుడున్నది ఎన్నో కాకియెమోన్? 15వ కాకియెమోన్! కులవృత్తి అంటే అదీ!

చూడని ఏనుగు, చూడని దొరసాని

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో రెండు తెల్ల ఏనుగులున్నాయి. అరిటా పింగాణీ ఏనుగులు. 17వ శతాబ్దానివి. ఒక్కోటి 35 సెంటీమీటర్ల పైన ఎత్తు. తమాషా ఏంటంటే, చేసిన కుమ్మరి ఏనుగును చూసి ఉండడు! బొమ్మల్లో చూసో, విన్నదాన్ని బట్టో చేసి ఉంటాడు. ఏనుగు నాణేలు దాచుకున్న మన ఫణిగిరి వాళ్లు ఆ చెవులు చూస్తే ఏమనేవారో!

జపాన్ కుమ్మరులు దొరసానుల ఇళ్ల కోసం అందగత్తెల బొమ్మలు చేసేవారు. 1670 తర్వాత వచ్చిన ముచ్చట ఇది. ఒంటినిండా పూల కిమోనో, నడుం మీదుగా జారే మడతలు, ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు. లోపల చూస్తే? అంతా డొల్ల! ముందు సగం ఒక అచ్చు, వెనక సగం ఒక అచ్చు. రెండూ అతికి కాల్చేయడమే!

ఇంగ్లండులో బర్లీ హౌస్ అనే పెద్ద బంగళా ఉంది. అందులో ఇద్దరు జపాన్ మల్లయోధుల పింగాణీ బొమ్మ ఉంది. ఇద్దరూ పట్టు పట్టి నిలబడ్డారు. ఆ ఇంటి సామాను జాబితాలో ఆ బొమ్మ ఎక్కింది 1688లో. అంటే గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి పోయిన మరుసటి ఏడే! అప్పటి నుంచీ కుస్తీ తెగలేదు!

పింగాణీ పిచ్చి ముదిరితే ఎలా ఉంటుందో వినండి. జర్మనీలో అగస్టస్ అనే రాజుండేవాడు. 1717లో పక్క రాజు దగ్గర 151 పింగాణీ పాత్రలు చూసి మనసు పారేసుకున్నాడు. బదులుగా ఏమిచ్చాడు? బంగారమా? కాదు. 600 మంది సైనికులను! గుర్రపు దళం మనుషులను కుండలకు మార్చేశాడండీ!

అమెరికాకు జపాన్ పాప

1914 దాకా ప్రపంచంలో పింగాణీ పాప అంటే జర్మనీ పాపే. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం! జర్మనీ ఓడలు ఆగిపోయాయి. అమెరికాలో బొమ్మల దుకాణాలు బోసిపోయాయి. క్రిస్మస్ దగ్గర పడుతోంది, పాపలు లేవు! అప్పుడు చెయ్యెత్తింది జపాన్!

ఆ చెయ్యెత్తింది ముఖ్యంగా మోరిమూరా అన్నదమ్ముల కంపెనీ. అప్పటికే వాళ్లకు న్యూయార్క్ నడిబొడ్డున దుకాణం ఉంది. ఎప్పటి నుంచి అనుకున్నారు? 1876 నుంచి! అన్న జపాన్‌లో సరుకు సర్దేవాడు. తమ్ముడు అమెరికాలో అమ్మేవాడు. మధ్యలో పసిఫిక్ మహాసముద్రం!

1915 నుంచి మోరిమూరా పాపలు ఓడెక్కాయి. పింగాణీ తల, గుండ్రటి బుగ్గలు, మూసి తెరిచే కళ్లు. ఎంతకాలం సాగింది ఈ వైభోగం? పట్టుమని 7 ఏళ్లే! యుద్ధం ముగిసి జర్మనీ పాప తిరిగొచ్చింది. జపాన్ పాప తెర వెనక్కి తప్పుకుంది. అందుకే ఆ పాపల కోసం ఇప్పుడు సేకరణదారులు వల వేసి వెతుకుతారు!

ఆ అన్నదమ్ములు పెట్టిన ఇంకో కంపెనీ పేరు చెబితే మీరు గుర్తుపడతారు. నోరిటాకే! 1904లో నగోయా దగ్గర మొదలైంది. తెల్లటి పెద్ద కంచం ఒకటి వంకర లేకుండా తీయడానికే వాళ్లకు 10 ఏళ్లు పట్టింది! ఒక్క కంచానికి పదేళ్లు! మనం అన్నం కాస్త ఆలస్యమైతేనే కేకలేస్తాం!

పాప అసలుదా, నకలా? కొలిస్తే తెలిసిపోతుంది! మట్టి బొమ్మ బట్టీలో కాలితే కుంచించుకుపోతుంది. నూటికి 10 నుంచి 20 పాళ్లు! ఒక బొమ్మ మీద అచ్చు తీసి ఇంకోటి చేస్తే అది అసలు కన్నా చిన్నదైపోతుంది. నకలుకు నకలు తీస్తే? ఇంకా చిన్నది! దొంగతనాన్ని బట్టీయే పట్టిస్తుంది!

చేటంత బొమ్మలే కాదు, గోరంత బొమ్మలూ ఓడెక్కాయి! కొన్నిటి ఎత్తు అంగుళమే. 1 అంగుళం! కాళ్లూ చేతులూ కదలవు. అంతా ఒకే ముద్ద. చిల్లర పైసలకు పిల్లలు కొనుక్కునేవారు. జేబులో వేసుకుంటే కనిపించవు. ఇప్పటికీ పాత ఇళ్ల పెరళ్లు తవ్వితే మట్టిలోంచి నవ్వుతూ బయటికొస్తాయి!

వీపు మీద రాత

ఇప్పుడు అసలు రహస్యం! బొమ్మ మొహం చూసి వయసు చెప్పలేం. తిరగేయండి. మెడ వెనకో, వీపు మీదో, అరికాలిలోనో ముద్ర ఉంటుంది. 'నిప్పాన్' అని ఉందా? అది 1891 నుంచి అమెరికాకు పోయిన సరుకు. సరుకు మీద దేశం పేరు రాయాల్సిందేనని అమెరికా చట్టం చేసింది మరి. నిప్పాన్ అంటే జపానే!

'జపాన్' అని ఉందా? అయితే అది 1921 తర్వాతిది కావచ్చు! నిప్పాన్ అంటే మాకు అర్థం కావడం లేదు, ఇంగ్లీషు పేరే రాయమని అమెరికా పట్టుబట్టింది. పాప అదే, బట్టీ అదే. వీపు మీద మాట మారింది! ఆ ఒక్క మాటతో ఇప్పుడు ధర మారిపోతుంది!

'ఆక్రమిత జపాన్‌లో తయారైంది' అని ఉందా? కళ్లకద్దుకోండి! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సేనలు జపాన్‌ను ఏలిన కాలం అది. 1952 ఏప్రిల్‌లో ఆ ఏలుబడి ముగిసింది. ముద్ర కూడా ముగిసింది. ఓడిపోయిన దేశం తన ఓటమిని బొమ్మల వీపు మీద రాసి గెలిచిన దేశానికే అమ్మింది!

క్యూపీ పాప తెలుసా? బొద్దు పొట్ట, నెత్తిన ఒక్క పిలక, ఓరచూపు! 1909లో రోజ్ ఓనీల్ అనే అమెరికా చిత్రకారిణి ఓ పత్రికలో గీసింది. జపాన్ బట్టీలు ఆ పాప నకళ్లను గుట్టలుగా పోశాయి. అక్కడితో ఆగలేదు! జపాన్‌లో ఆ పాప పేరుతో మయోనైజ్ వచ్చింది. వందేళ్లుగా సీసా మీద పాప నవ్వుతూనే ఉంది!

మిక్కీ మౌస్ పుట్టింది అమెరికాలో, 1928లో. మరి చిట్టి పింగాణీ మిక్కీలు? జపాన్‌లో! న్యూయార్క్ బొమ్మల వ్యాపారులు జపాన్ బట్టీల్లో చేయించి తెప్పించుకున్నారు. అమెరికా ఎలుక తన సొంత దేశానికి జపాన్ నుంచి ఓడెక్కి వచ్చింది!

ఫుకువొకా ఊరి హకాటా బొమ్మలు చూస్తే పింగాణీ అనుకుంటారు. కానే కాదు! మెరుగు లేని కాల్చిన మట్టి. మన వినాయకుడి మట్టికి చుట్టం! 1900లో పారిస్ ప్రదర్శన దాకా వెళ్లొచ్చాయి. రెండో యుద్ధం తర్వాత అమెరికా సైనికులు ఇంటికి పోతూ సంచుల్లో ఇవే కుక్కుకున్నారు!

పింగాణీ వేషం వేసిన బొమ్మ

జపాన్ బొమ్మ, పాలలాంటి మొహం. పింగాణీ కదా? తప్పు! చాలా బొమ్మల మొహం ఆల్చిప్పల పొడి! సముద్రపు గుల్లలు నూరి, జంతువుల జిగురు కలిపి, చెక్క తల మీద పూస్తారు. ఒక్క పూత కాదు. పదికి పైగా పూతలూ పడతాయి! మన ముసలమ్మలు గుల్లసున్నం గోడలకు పూశారు. వాళ్లు బుగ్గలకు పూశారు!

ఆ గుల్లలు ఇవాళ తెచ్చి రేపు నూరేవి కావు. ఎండకూ వానకూ ఆరుబయట పోసి వదిలేస్తారు. ఎన్నాళ్లు? 10 ఏళ్లకు పైనే! మురికి పోయి, మెత్తబడి, తెల్లబడ్డాకే నూరుతారు. మన ఊరగాయ ఏడాది ఊరితేనే గొప్ప అనుకుంటాం!

బొమ్మను జపాన్‌లో 'నింగ్యో' అంటారు. రాస్తే 2 అక్షరాలే. ఒకటి మనిషి, ఇంకోటి ఆకారం. మనిషి ఆకారం! అందుకే కాబోలు, పాడైన బొమ్మను చెత్తలో పారేయడానికి వాళ్లకు చేతులు రావు. గుడికి తీసుకెళ్లి పూజ చేయించి సాగనంపుతారు!

టీ అందించే బొమ్మ ఉంది, తెలుసా? చేతిలో కప్పు పెడితే నడిచి వస్తుంది. కప్పు తీస్తే ఆగుతుంది. తిరిగి పెడితే వెనుదిరిగి పోతుంది! కరెంటు లేదు, బ్యాటరీ లేదు. చెక్క పళ్ల చక్రాలు, తిమింగలం నోట్లోంచి తీసిన స్ప్రింగు. దాన్ని ఎలా చేయాలో చెప్పే పుస్తకం 1796లోనే అచ్చయింది!

రష్యా బొమ్మ మాత్రియోష్కా చూశారా? ఒకదాని కడుపులో ఒకటి! దాని వెనుక కూడా జపాన్ నుంచి వచ్చిన ఒక బొమ్మ ఉందని చెబుతారు. తొలి రష్యా సెట్టులో 8 బొమ్మలు. అమ్మ కడుపులో అందరూ! ఉల్లిపాయ పొరల్లా తీస్తూ పోవడమే!

పాస్‌పోర్టున్న పాపలు

మళ్లీ వీసా దగ్గరికే వచ్చాం! 1927లో అమెరికా పిల్లలు జపాన్ పిల్లలకు స్నేహం కానుకగా పాపలను పంపారు. ఎన్ని? 12,739! ప్రతి పాపకూ ఒక పాస్‌పోర్టు, ఒక ఓడ టిక్కెట్టు! బాలాజీ గుడి చుట్టూ ఒక్క ప్రదక్షిణ కూడా చేయకుండా అందరికీ వీసా వచ్చేసింది!

జపాన్ ఊరుకుందా? బదులు కానుక పంపింది. 58 బొమ్మలు. లెక్కకు తక్కువేనా? చూస్తే నోరెళ్లబెడతారు! ఒక్కోటి 81 సెంటీమీటర్ల ఎత్తు. పట్టు కిమోనో, తనకంటూ పెట్టెలు, టీ సామాను! మొహం మాత్రం మీకిప్పుడు తెలుసు. ఆల్చిప్పల పొడే!

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. జపాన్ బడుల్లోని నీలికళ్ల పాపలను శత్రువులన్నారు. కాల్చేయమన్నారు! కొందరు టీచర్లకు మనసొప్పలేదు. అటకల మీద, గోడల మూలల్లో దాచేశారు. అలా బతికి బయటపడ్డవి 300కు పైగా! ఆజ్ఞ కన్నా అటక గట్టిది!

మెట్ల మీద రాణి

బొమ్మల కొలువు మన సొత్తే అనుకుంటున్నారా? జపాన్‌లోనూ ఉంది! పేరు హినమత్సురి. ఎర్రగుడ్డ పరిచిన మెట్లు. పూర్తి కొలువుకు 7 మెట్లు, 15 బొమ్మలు. పై మెట్టు మీద చక్రవర్తి, మహారాణి. కింద చెలికత్తెలు, వాద్యగాళ్లు, మంత్రులు. మనకు సంక్రాంతికో దసరాకో, వాళ్లకు మార్చిలో! మెట్ల లెక్కలో బేసి సంఖ్య మాత్రం ఇద్దరికీ ఇష్టమే!

వాళ్ల కొలువు పండగ మార్చి 3. పండగ అయిపోయిందా, బొమ్మలు వెంటనే పెట్టెలో సర్దేయాలి! ఆలస్యం చేస్తే ఏమవుతుందట? ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఆలస్యమవుతుందట! మన అమ్మమ్మలకు ఈ సంగతి తెలిసి ఉంటే మనకూ అంటగట్టేవారు!

వకయామా దగ్గర సముద్రం ఒడ్డున అవాషిమా గుడి ఉంది. గుడి మెట్ల నిండా, వసారా నిండా, చూరు కింద అంతా బొమ్మలే! సుమారు 20,000! వదిలించుకోలేక భక్తులు తెచ్చి అప్పగించినవి. ఏటా మార్చి 3న కొన్ని బొమ్మలను పడవలో పెట్టి సముద్రంలోకి వదులుతారు. మన వినాయకుడి నిమజ్జనంలాగే!

వాళ్ల కొలువులో రాజూ రాణీ జంట. మరి మన తిరుపతి చెక్క బొమ్మలు? అవీ 2, రాజూ రాణీయే! ఎర్రచందనం జంట. ఆడపిల్లకు పెళ్లిలో ఇచ్చి పంపేవారు. కొలువులో ముందు కూర్చునేదీ వాళ్లే. ఇంత దూరంలో ఉన్న రెండు దేశాలకు ఒకే ఆలోచన ఎలా వచ్చిందో!

విజయవాడ వెళ్లే దారిలో ఇబ్రహీంపట్నం దాటకముందే పక్కకు తిరిగితే కొండపల్లి. సుమారు 400 ఏళ్ల పనితనం! తేలికైన తెల్లపొణికి చెక్క. అతుకులకు రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్ద. పైన సున్నపు పూత, ఆపై రంగు. జపాన్ వాడికి గుల్ల, మనవాడికి చింతగింజ. అరిటా బట్టీలకూ మన అంబారీ ఏనుగుకూ వయసు ఇంచుమించు ఒకటే!

ఎక్కడ చూడాలి?

హైదరాబాద్ దివాన్ దేవిడీలో ఒకప్పుడు చీనీఖానా అనే గది ఉండేది. గోడల నిండా, స్తంభాల నిండా పింగాణీ పళ్లాలే, కప్పులే అతికారు! 1880లలో లాలా దీన్‌దయాళ్ దాన్ని ఫొటో తీశారు. తినే కంచాలను గోడకు తాపడం చేసిన ఇల్లు అది. నవాబుల ముచ్చటంటే అలా ఉంటుంది!

మనకు దగ్గర్లో జపాన్ పింగాణీ చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియమే. జపాన్ సరుకుకు అక్కడ ప్రత్యేకంగా గదే ఉంది! ఈ మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న నెహ్రూ తెరిచారు. అందరూ గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడతారు. మీరు గుంపు వదిలి జపాన్ గదికి నడవండి. అద్దం వెనక అసలు మజా అక్కడుంది!

ఢిల్లీ వెళ్తే శంకర్ బొమ్మల మ్యూజియం వదలకండి. కార్టూనిస్టు శంకర్ కట్టిన బొమ్మల లోకం అది. మొదలైంది ఒక్క హంగరీ బొమ్మతో! ఇప్పుడు సుమారు 85 దేశాల బొమ్మలున్నాయి. జపాన్ కబుకీ నటుల బొమ్మలు, సమురాయ్ వీరుల బొమ్మలు కూడా మిమ్మల్ని చూసి కళ్లెగరేస్తాయి!

ఇక మీ వంతు

అటక మీద కొలువు పెట్టె ఉందా? ఈ ఆదివారం దించండి. పాత తెల్ల బొమ్మ ఏదైనా కనిపిస్తే మెల్లగా తిరగేయండి. మెడ వెనక చూడండి. అరికాలు చూడండి. నిప్పాన్ అని 6 ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే మీ ఇంట్లో వందేళ్ల నాటి ప్రయాణికురాలు కూర్చుని ఉండొచ్చు!

చివరగా ఒక్క మాట, గట్టిగా గుర్తుపెట్టుకోండి! బొమ్మ బుగ్గ మీద వేలి వెనక భాగం ఆనించండి. చల్లగా, గాజులా తగిలితే పింగాణీ. అలా తగలకపోతే గుల్లపూత కావచ్చు. గుల్లపూతలో ఉన్నది జిగురు, జిగురు నీళ్లకు కరుగుతుంది! ఒక్క తడిగుడ్డ చాలు, వందేళ్ల మొహం చెరిగిపోవడానికి. కాబట్టి ఏ బొమ్మో తేలేదాకా నీళ్లు తగలనీయకండి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, పాత నూలుగుడ్డలో చుట్టండి, పెట్టెలో పెట్టేయండి!